సరాయ్ ఉన్న ఊళ్ళో కిరాయి ఇల్లు

హయత్‌నగర్ సందుల్లో నాలుగడుగులు వేస్తే ఏదో ఒక గేటుకి అట్టముక్క వేలాడుతూ కనిపిస్తుంది: 'ఇల్లు ఖాళీ, కిరాయికి ఇవ్వబడును'. ఈ నాలుగు మాటల్లో రెండు ఉర్దూ దారిన తెలుగులోకి వచ్చినవి. ఖాళీ, కిరాయి. బేరం కుదిరితే చేసుకునే ఖరారు, డబ్బు కట్టాక ఇచ్చే రసీదు, లోపలికి అడుగుపెట్టే దర్వాజా కూడా ఆ దారినే వచ్చాయి. వీటిని తెలుగు ఇంట్లోకి రానిచ్చి వందల ఏళ్ళయింది. వచ్చేటప్పుడు ఎవరూ వాటి మతం అడగలేదు. ఇవాళ వాటిని తీసేస్తే తెలంగాణ మనిషి ఇల్లు కిరాయికివ్వడానికి మాటలు వెతుక్కోవాలి. కానీ ఆ మాటల్ని తల్లి ఒడిలో నేర్చుకున్న మనిషి అదే గేటు ముందు నిలబడి పేరు చెబితే, ఖాళీగా ఉన్న ఇల్లు ఉన్నట్టుండి నిండిపోతుంది.

ఈ సంగతి ఎత్తగానే కొందరు మిత్రులు నొచ్చుకుంటారు. 'అందరూ అట్లా లేరు కదా' అంటారు. నిజమే, అందరూ అట్లా లేరు. ఇచ్చినవాళ్ళున్నారు. ఇచ్చి, పండక్కి పిండివంటలు పంపినవాళ్ళున్నారు. ఖాళీ చేసి పోయేటప్పుడు వాకిట్లో నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు. ఎవరు మంచి, ఎవరు చెడు అని తేల్చడానికి నేనిది రాయడం లేదు. 'ఇల్లు నాది, నా ఇష్టం' అనే మాట గురించి రాస్తున్నాను. ఈ మాట మతతత్వవాదులు మాత్రమే అనేది కాదు. సభల్లో మతసామరస్యం గురించి మాట్లాడేవాళ్ళు, బాబ్రీ కూలినప్పుడు కరపత్రాలు పంచినవాళ్ళు కూడా దీన్ని న్యాయమైన మాటగానే అనుకుంటారు. అది ఎంత దూరం న్యాయమో, ఎక్కడ ఆగాలో ఆలోచించడానికి హయత్‌నగర్ కంటే తగిన చోటు నాకు కనిపించలేదు. పరాయి మనిషికి నీడ ఇచ్చిన చరిత్ర ఈ ఊరికి ఉంది.

ఊరి పేరు హయాత్ బక్షీ బేగం నుంచి వచ్చింది. ఆమె హైదరాబాద్ కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్‌షాకి కూతురు, మహమ్మద్ కుతుబ్‌షాకి భార్య, అబ్దుల్లా కుతుబ్‌షాకి తల్లి. జనం ఆమెని మా సాహెబా అని పిలుచుకున్నారు. ఇవాళ మనం మాసాబ్ ట్యాంక్ అంటున్నది ఆ పిలుపే. ఆమె 1667లో చనిపోయింది. గోల్కొండ నుంచి మచిలీబందరు పోయే బాట మీద ఆమె పేరున వెలసిన మసీదు, దాని ఆవరణ చుట్టూ వరసగా కమాన్ల గదులు, హాథీ బావి అనే పెద్ద బావి ఇప్పటికీ ఉన్నాయి. ఆ గదుల వరసే సరాయ్, బాటసారులు దిగే చోటు. బందరు ఆనాడు గోల్కొండ రాజ్యానికి సముద్రపు వాకిలి. ఓడల్లో పోయే అద్దకం బట్టలు, ఓడల్లో వచ్చే సరుకులు, వర్తకులు, బండ్లు, కూలీలు ఆ బాటనే నడిచారు. ఇవాళ విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారిదీ అదే దిక్కు.

టావెర్నియర్ అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఆ రోజుల్లో ఈ బాట మీద ప్రయాణం చేశాడు. 1676లో అచ్చయిన ఆయన యాత్రాగ్రంథంలో గోల్కొండకి నాలుగు కోసుల దూరంలోని ఒక మజిలీ వర్ణన ఉంది. ఆ ఊరి పేరు ఆయన చెవికి 'తెనారా' అని వినబడింది. అది హయత్‌నగరే అయి ఉండొచ్చని ఒక అభిప్రాయం. రాతి కట్టడాలు, తోటలు, గొప్పవాళ్ళు బస చేసే అరుగులు, అన్నీ చెప్పాక పేద బాటసారుల సంగతికి వస్తాడు. వాళ్ళ కోసం చాలా గదులు ఉండేవట. సాయంత్రం అయ్యేసరికి రొట్టె, అన్నం, వండిన కూరలు పంచేవారట. ఇతరుల చేతి వంట తినని హిందువులుంటే, వాళ్ళ రొట్టె వాళ్ళే కాల్చుకునేట్టు పిండీ, కాస్త వెన్నా ఇచ్చేవారట.

ఈ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. సరాయ్‌లో కూడా ఒక ప్రశ్న ఉంది: 'నువ్వేం తింటావు?' ఇవాళ గేటు దగ్గర అడిగేదీ ఇదే ప్రశ్న. అక్కడ ఆ ప్రశ్న అడిగింది ఏం పెట్టాలో తెలుసుకోవడానికి. ఇక్కడ అడిగేది ఎట్లా పంపించెయ్యాలో తెలుసుకోవడానికి. నీ మడి నీది, నీ పొయ్యి నీది, నువ్వు నా చేతి వంట తినకపోయినా ఈ రాత్రి కప్పు మాత్రం ఇద్దరికీ ఒకటే అని ఆ పిండీ వెన్నా చెప్పాయి. నీ పద్ధతి మార్చుకుంటేనే చోటిస్తానని అనలేదు. నీ పద్ధతి నాకు వింతగా ఉంది కాబట్టి పొమ్మనీ అనలేదు.

అట్లాగని కుతుబ్‌షాహీ రోజులు స్వర్గమని నేను చెప్పను. సరాయ్ ఖర్చు ఖజానా నుంచి వచ్చింది, ఖజానా రైతు చెమట నుంచి వచ్చింది. గొప్పవాళ్ళకి అరుగులు వేరే, పేదలకి గదులు వేరే అని టావెర్నియరే చెబుతున్నాడు. పైగా ముస్లిం అనగానే నవాబు వారసుడనుకునే చూపుతో మేం విసిగిపోయాం. మాలో ఎక్కువమంది తాతలు సరాయ్ కట్టించినవాళ్ళు కారు. సరాయ్‌కి రాళ్ళు మోసినవాళ్ళు, దూది ఏకినవాళ్ళు, గుర్రాలకి నాడాలు కొట్టినవాళ్ళు. కాబట్టి హయాత్ బక్షీ బేగం కట్టించింది గనక మాకు ఇల్లివ్వాలి అని అడిగే హక్కు నాకు లేదు, అట్లా అడగను కూడా. మనలో లేని గుణమేదో కొత్తగా అలవరచుకోమని ఎవరూ ఎవర్నీ అడగడం లేదనీ, ఈ నేల మీద ఒకప్పుడు అది మామూలు విషయంగా జరిగిందనీ చెప్పడానికే ఈ పాత ముచ్చట.

ఆ ఊరు ఇవాళ ఊరు కాదు, నగరపు అంచు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడ్డాక నగరమే అయిపోయింది. రోడ్డుకి ఇటూ అటూ ఉన్న పొలాలు ప్లాట్లయ్యాయి. ఒక గదిలో మొదలుపెట్టి, పిల్లలు పెద్దయ్యేకొద్దీ పైన ఇంకో అంతస్తు వేసి, కింద తాముండి పై పోర్షన్లు కిరాయికిచ్చుకున్న చిన్న ఉద్యోగులు వందల మంది. వాళ్ళకి ఆ కిరాయే పింఛను. పాత నల్లగొండ జిల్లా నుంచి, ఖమ్మం నుంచి, కృష్ణా నుంచి వచ్చే బస్సు ఈ మీదుగానే నగరంలోకి వస్తుంది గనక, ఆ ఊళ్ళవాళ్ళు ఇక్కడే దిగి ఇక్కడే స్థిరపడ్డారు. 2018లో ఎల్.బి.నగర్ దాకా మెట్రో రైలు వచ్చింది. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఇంకా అవతల ఉన్న బాటసింగారానికి తరలింది. ఆటోనగర్‌లో లారీ మెకానిక్కులు, ఆర్టీసీ డ్రైవర్లు, ప్రైవేటు బళ్ళ టీచర్లు, పండ్ల మార్కెట్ హమాలీలు, అందరికీ ఈ చుట్టుపక్కలే ఇల్లు కావాలి. అందులో ముస్లింలూ ఉంటారు. వాళ్ళలో చాలామంది హైదరాబాదీలు కారు. దేవరకొండ, మిర్యాలగూడ, సూర్యాపేట పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. కొందరికి ఇంట్లోనూ తెలుగే. పాతబస్తీ వాళ్ళకి ఎంత కొత్తో వీళ్ళూ పాతబస్తీకి అంత కొత్త.

ఈ మనిషి ఇల్లు వెతుక్కునే తీరు చూడండి. ఇల్లు చూపిస్తారు. నీళ్ళు ఎప్పుడొస్తాయో చెబుతారు, కరెంటు మీటరు వేరేనని చెబుతారు, 'బండి ఇక్కడ పెట్టుకోవచ్చు' అంటారు. అంతా అయ్యాక 'పేరేంటన్నారు?' అంటారు. పేరు విన్నాక గొంతు మారదు. మర్యాద ఇంకా పెరుగుతుంది. 'ఏమనుకోకండి భాయ్, మాకేం లేదు గానీ మా ఇంట్లో పెద్దావిడ ఉంది.' 'నిన్ననే ఒకరికి మాటిచ్చాం, మర్చిపోయాను.' 'మా అమ్మాయివాళ్ళు వచ్చేట్టున్నారు.' తిడితే తిరిగి తిట్టొచ్చు. ఇంత మెత్తగా గెంటితే ఏమనాలి? సలాం చెప్పి మెట్లు దిగడమే. వెనక భార్య ఉంటుంది, బురఖా వేసుకుని. ఆమెని చూశాక కొందరు పేరు కూడా అడగరు. తర్వాత వారం ఆ గేటుకి ఆ అట్టముక్క అట్లాగే వేలాడుతూ ఉంటుంది.

ఇది ఒక ఊరి సంగతి మాత్రమే కాదని అందరికీ తెలుసు. ముస్లింలకి ఇతరుల పేటల్లో ఇల్లు కొనడం, కిరాయికి తీసుకోవడం కష్టంగా ఉందన్న సంగతిని 2006లో సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల నగరాల్లో పేర్లు మార్చి ఇళ్ళు అడిగి చూసి, ఆ ఫలితాల్ని 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ప్రకటించింది. పై కులాల పేరుకి దాదాపు ఎవరూ కాదనలేదు. దళితుల పేరుకి కొందరు కాదన్నారు. ముస్లిం పేరుకి కాదన్నవాళ్ళు ఇంకా ఎక్కువ. ఇల్లు ఒకటే, కిరాయి ఒకటే, మారింది పేరొక్కటే.

ఇక ఇల్లుగలవాళ్ళ వాదనలు. వాటిని ఎగతాళి చెయ్యకుండా వినాలి.

మొదటిది ఆస్తి. 'జీవితమంతా కష్టపడి కట్టుకున్నాను. ఎవర్ని రానివ్వాలో నేనే చెప్పాలి.' ఈ మాటలో బరువుంది. మా ధర్మం కూడా దీన్ని గౌరవించింది. ఖురాన్‌లో నూర్ అధ్యాయం ఇతరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా పోవద్దంటుంది. తిరిగి వెళ్ళమంటే వెళ్ళిపోవడమే మేలంటుంది. గడప మీద ఇంటివాడిదే మాట అన్నది మాకు కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ ఆ గడప మనిషి కాపురముండే గడప. ఆ గడప దాటే అతిథిని 'ఇప్పుడు కాదు, తర్వాత రా' అనొచ్చు. బోర్డు పెట్టి ఊరందర్నీ రమ్మని పిలిచిన పోర్షన్ అట్లాంటి గడప కాదు. అది బేరానికి పెట్టిన చోటు. బేరానికి పెట్టాక అడగాల్సిన ప్రశ్నలున్నాయి. నెలనెలా కిరాయి కడతావా, ఇంటిని శుభ్రంగా ఉంచుతావా, రాత్రిళ్ళు గొడవ చేస్తావా, చెప్పినప్పుడు ఖాళీ చేస్తావా. ఇవన్నీ మనిషి నడవడికకి సంబంధించినవి. వీటికి మనిషి జవాబు చెప్పుకోగలడు, తప్పు చేస్తే దిద్దుకోగలడు, దిద్దుకోకపోతే ఖాళీ చేయించొచ్చు. పుట్టుకకి ఏం జవాబు చెప్పుకుంటాడు? తను చెయ్యనిదాన్ని ఎట్లా దిద్దుకుంటాడు? జవాబు చెప్పుకునే వీల్లేని ప్రశ్నతో మనిషిని తూచడమే అన్యాయం. ఆస్తి హక్కు ఆగాల్సింది అక్కడ.

రెండోది మాంసం. 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని ఇంగ్లీషు బోర్డు. నిజంగా నీచు వాసన పడనివాళ్ళుంటారు, వాళ్ళ బాధని కాదనను. కానీ 2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులే. ఆదివారం పొద్దున హయత్‌నగర్‌లో మటన్ కొట్ల ముందు వరసలో నిలబడ్డ వాళ్ళెవరో ఎవరికి తెలియదు? కాబట్టి ఆ బోర్డుకి కూరతో పని తక్కువ. కులం పేరెత్తకుండా కులం అడగడానికి, మతం పేరెత్తకుండా మతం అడగడానికి అదొక మర్యాద భాష. దళితుడు, ముస్లిం ఇద్దరూ ఆ బోర్డు దగ్గరే ఆగిపోతారు. పెద్దకూర సంగతి అడుగుతారేమోనని మావాళ్ళు ముందే 'మేం చికెన్ కూడా ఎప్పుడో గానీ' అని నసుగుతుంటారు. తన పొయ్యి మీద తను వండుకునేదానికి మనిషి ముందే క్షమాపణ చెప్పుకోవలసి రావడం ఎంత నామోషీ!

మూడోది భయం. ఇది మిగతా రెండింటికంటే నిజమైనది, అందుకే కష్టమైనది. 2013 ఫిబ్రవరిలో దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలినప్పుడు చనిపోయినవాళ్ళు ఈ బస్సుల్లోనే తిరిగే మామూలు జనం. హయత్‌నగర్‌కి అది పరాయి చోటు కాదు, రోజూ దిగే స్టాపు. ఆ తర్వాత ఇల్లుగల ముసలాయన ఒకాయన 'నాకెందుకు బాబూ పోలీసుల గొడవ' అంటే అతని భయాన్ని అబద్ధం అనలేను. నేరం చేసినవాళ్ళకి కోర్టు 2016లో శిక్షలు వేసింది. వెయ్యాల్సిందే. కానీ 2007లో మక్కా మసీదులో పేలుడు జరిగినప్పుడు చచ్చిపోయిందీ ముస్లింలే, ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయి హింస పెట్టిందీ ముస్లిం యువకుల్నే. తర్వాత కోర్టులు వాళ్ళని నిర్దోషులని వదిలేశాయి. భయం రెండు వైపులా ఉంది. ఒకవైపు భయానికి ఇల్లుంది, గేటుంది, తాళముంది. రెండోవైపు భయం చేతిలో సామాన్ల మూటతో రోడ్డు మీద నిలబడింది. భయపడేవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడం తేలిక. ఒకళ్ళెవరో చేసిన నేరానికి పది లక్షల మంది దగ్గర పూచీకత్తు అడగడం భయం కూడా కాదనీ, అది తీర్పనీ చెప్పడం కష్టం. ఆధార్ కాగితం అడగండి, పనిచేసే చోటు అడగండి, తెలిసినవాళ్ళ పేరు అడగండి. అందరి దగ్గరా ఏం అడుగుతారో అదే అడగండి. ఎవరూ కాదనరు.

చట్టం ఏమంటుంది? రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో, వినోద స్థలాల్లో, ప్రజల బావులు, చెరువులు, రోడ్ల దగ్గర మతం, కులం పేరున ఎవర్నీ అడ్డుకోవద్దంది. సొంత ఇంటిని కిరాయికివ్వడం దాని మాటల్లో లేదు. అంటే హోటల్లో ఒక రాత్రి గదికి నా పక్షాన రాజ్యాంగం ఉంది. పదకొండు నెలల ఒప్పందానికి ఎవరూ లేరు. పాత సరాయ్‌ని చట్టం గుర్తుపట్టింది, ఈనాటి బాటసారి ఏడాదికేడాది ఇల్లు మారే కిరాయిదారుడని గుర్తుపట్టలేదు. జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో 2005లో సుప్రీంకోర్టు, ఒక సొసైటీ తన సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకోవచ్చంది. నానాటికీ తగ్గిపోతున్న చిన్న సమూహం తనని తాను కాపాడుకోవడానికి పెట్టుకున్న కంచె అది. అదే కంచె సంఖ్యాబలం ఉన్నవాళ్ళ చేతికి వస్తే దాని అర్థం మారిపోతుంది. చట్టం మారాలి. అయితే చట్టం మారినా 'నిన్ననే ఒకరికి మాటిచ్చాం' అనే అబద్ధాన్ని పట్టుకోలేదు. కాబట్టి ఇది చట్టానికి వదిలేసి చేతులు దులుపుకునే విషయం కాదు.

కాదన్నవాళ్ళ గురించి చాలా చెప్పాను. కాదనిపించుకున్నవాళ్ళకి ఏమవుతుందో కూడా చెప్పాలి.

వాళ్ళ ముందు రెండు దార్లుంటాయి. ఒకటి, పేరు దాచడం. ఫోన్లో 'రాజు' అనో 'బాబు' అనో చెప్పి, ఇల్లు చూశాక మెల్లగా అసలు సంగతి చెప్పడం. లేదా అసలే చెప్పకపోవడం. నా ఎరికలో అట్లా బతికిన కుటుంబాలున్నాయి. పిల్లకి ముందే చెప్పి పెట్టాలి, కింద ఆంటీవాళ్ళ ముందు అమ్మీ అనొద్దు, అమ్మా అనమని. రంజాన్ నెలలో తెల్లవారుజామున సహరీకి లేస్తే లైటు బయటికి కనబడకుండా చూసుకోవాలి. అంత చేశాక దొరికిన ఇల్లు ఇల్లేనా? నాలుగు గోడలు ఎందుకు? మనిషి బయట వేసుకున్న ముసుగు తీసి పక్కన పెట్టడానికి. ఆ ముసుగు ఇంట్లోనే వేసుకోవాల్సి వస్తే, కిరాయి డబ్బుల్లోనే కాదు, తనలోంచి కూడా కొంత కట్టినట్టే. అవసరం అట్లాంటిది, చేసినవాళ్ళని నేను తప్పుపట్టను. ఆ అవసరం కల్పించినవాళ్ళు మాత్రం అది తమ పాపం కాదనుకుంటే ఒప్పుకోను.

పోనీ పేరు చూసి మనిషిని తేల్చుకోవడం ఈ నేల మీద సాధ్యమా అంటే, అదీ కాదు. జాన్‌పహాడ్ దర్గాకి మొక్కుకున్న పాత నల్లగొండ పల్లెల్లో హిందువుల ఇళ్ళ నిండా సైదులు, సైదమ్మలు. పీర్ల పండుగ తెచ్చిన పేర్లు ఉసేన్, ఉసేనమ్మ. కోస్తాలో మస్తాన్‌రావు, మస్తానమ్మ. సైదులు అనే మనిషి ఇల్లడిగితే ఇంటిపేరు కూడా అడుగుతారు. అది చెప్పాక 'మన సైదులే' అని ఊపిరి పీల్చుకుంటారు. ఇన్ని తరాలుగా ఒకే పీరుకి మొక్కుకున్న మనుషుల్లో ఎవరు మన, ఎవరు పర అని ఏరడానికి ఇంత తవ్వాలి. మన్సూరాబాద్, సాహెబ్‌నగర్, హయత్‌నగర్ అని ఉత్తరాల మీద చిరునామా రాసుకునేటప్పుడు ఎవరి చెయ్యీ వణకదు. ఆ పేరున్న మనిషి వచ్చి గేటు తడితేనే గుండె జల్లుమంటుంది.

రెండో దారి, మనవాళ్ళున్న చోటికే పోవడం. అక్కడ ఇరుకు సందు, మురుగు కాలువ, కిరాయి కూడా తక్కువేం కాదు. పని చేసే చోటికి గంటన్నర. పిల్లల బడి మారాలి. అయినా పోతారు, ఎందుకంటే అక్కడ పేరు గట్టిగా పిలవొచ్చు. కొన్నేళ్ళు పోయాక అదే సమాజం అడుగుతుంది: 'మీరంతా ఒకే చోట గుంపుగా ఎందుకుంటారు? అందరితో కలవరెందుకు?' తలుపులన్నీ మూసి, మిగిలిన ఒక్క తలుపులోంచి పోయినవాణ్ణి, ఈ తలుపే ఎందుకు ఎంచుకున్నావని అడగడం ఇది. లౌకికవాద మిత్రులు కూడా ఈ ప్రశ్న అడుగుతుంటారు, ప్రేమగానే. వాళ్ళని నేను తిరిగి ఒకటే అడుగుతాను. మీ పై పోర్షన్‌లో ఇప్పటిదాకా ఎవరెవరున్నారు? మీ అపార్టుమెంటు సంఘం మీటింగులో 'వాళ్ళకి ఇవ్వొద్దు' అని ఎవరో అన్నప్పుడు మీరేమన్నారు? మతతత్వం రథయాత్రల్లోనే లేదు. వాట్సాప్ గ్రూపులోనే లేదు. అది మెట్ల దగ్గర, మెత్తటి గొంతుతో, 'మాకేం లేదు గానీ' అని కూడా మాట్లాడుతుంది.

ఈ ప్రశ్న అడిగినవాళ్ళం మా ఇళ్ళని కూడా చూసుకోక తప్పదు. ఇల్లున్న ముస్లింలూ ఉన్నారు. దూదేకులవాళ్ళంటే ముక్కు చిట్లించే సయ్యద్‌లు, పఠాన్‌లు ఉన్నారు. వాళ్ళకి పిల్లనివ్వడం మాట అటుంచి పక్క పోర్షన్ ఇవ్వడానికి వెనకాడేవాళ్ళున్నారు. దళితుడు వచ్చి అడిగితే ఇల్లు నిండిపోయే గేట్లు మా బస్తీల్లోనూ ఉన్నాయి. నమాజులో భుజానికి భుజం తగిలించి నిలబడే సమానత్వం దర్వాజా దగ్గర ఏమైపోతుంది? ఇంటి పక్కవాడి గురించి జిబ్రయీల్ దూత పదే పదే నొక్కి చెబుతుంటే, ఆస్తిలో వాటా కూడా ఇమ్మంటాడేమో అనిపించిందని ప్రవక్త అన్నట్టు హదీసు ఉంది. ప్రవక్త సహచరుల్లో ఒకరైన అబ్దుల్లా బిన్ అమ్ర్ ఇంట్లో గొర్రెని కోస్తే, మన పక్కింటి యూదుడికి పంపారా అని ఆయన మొదట అడిగాడట. మాకు అందిన ధర్మం ఇది. దాన్ని మేం పాటించకుండా ఇంకొకర్ని పాటించమనలేం. మెజారిటీ గేటుకీ మా గేటుకీ బలంలో తేడా ఉంది, నిజమే. వాళ్ళు కాదంటే మాకు ఊరే మూసుకుపోతుంది, మేం కాదంటే వాళ్ళకి ఒక సందు మాత్రమే మూసుకుపోతుంది. కానీ గేటు ముందు నిలబడ్డ ఒక్క మనిషికి ఆ తేడా తెలియదు. ఆ నిమిషాన అతనికి తగిలే అవమానం ఒకటే.

ఇంకో సంగతి. కిరాయి ఇంట్లో ఉండేవాడి బాధల్లో చాలా వాటికి మతం లేదు. మన తెలుగునాట కిరాయి ఇంట్లో మనిషి చనిపోతే శవాన్ని ఇంట్లోకి తేనివ్వని ఇల్లుగలవాళ్ళు ఎంతమంది లేరు? ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి పోయిన హిందూ తండ్రులున్నారు, గుస్ల్ చెయ్యడానికి చోటు లేక మసీదు వరండా అడుక్కున్న ముస్లిం కొడుకులున్నారు. పెళ్ళికాని కుర్రాళ్ళకి ఇల్లివ్వరు. మొగుడు వదిలేసిన ఆడమనిషికి ఇవ్వరు. చీటికీమాటికీ చుట్టాలొస్తే మొహం మాడ్చుకుంటారు. వీళ్ళందరూ ఒకే వరసలో నిలబడ్డారు. ఆ వరసలో అందరికంటే వెనక మేమూ, దళితులూ ఉన్నాం, అంతే. కాబట్టి ఇది ముస్లింల ఫిర్యాదు మాత్రమే అనుకుంటే పొరపాటు. సొంత ఇల్లు లేనివాడికి సొంత బతుకు ఉండొచ్చా అన్నది అందరి ప్రశ్న.

నేను అడిగేది పెద్దదేం కాదు. మమ్మల్ని ప్రేమించమని అడగడం లేదు. మా పండగలకి రమ్మని, మా సేవయ్యాలు తినమని కూడా అడగడం లేదు. తినని బాటసారికి పిండీ వెన్నా ఇచ్చినట్టు, మీ పద్ధతి మీరుంచుకోండి, మా పద్ధతి మమ్మల్ని ఉంచుకోనివ్వండి. కిరాయి ఎంతో చెప్పండి, షరతులేంటో చెప్పండి. అవి అందరికీ ఒకటే అయితే చాలు. ఆ తర్వాత పేరు అడగండి. రసీదు మీద రాయడానికి పేరు కావాలి కదా. మేం గట్టిగానే చెబుతాం.